ఊపిరి బిగబట్టిన బండి

ఆ కొండదారి ఎంత వాలుగా ఉంటుందంటే, కాకులు కూడా కాసేపు ఎగిరి, కాసేపు నడిచి దిగుతాయని చెప్పుకుంటారు. పొగమంచు సంగతి ఇక అడగొద్దు. రోడ్డు పనివాడొకడు తడి తువ్వాలును గోడ అనుకుని మంచు మీద ఆరేశాడట. ఎండెక్కాక అది కింద పడితే, ఎవరు పడేశారంటూ సాయంత్రం దాకా అందరితో పోట్లాడాడట. నమ్మనివాళ్లకి ఆ తువ్వాలు ఇప్పటికీ చూపిస్తారు.

ఆ దారి పైకొసన ఒక మొక్కల తోట, తోట పక్కన రెండు గదుల ఇల్లు, ఇంటి ముందు ఒక పాత డీజిలు పికప్పు. ఆ బండి స్టార్టు చేస్తే ముందు పొగ వస్తుంది, తరవాత చప్పుడు వస్తుంది, మరి కాసేపటికి బండి వస్తుంది. అందుకని దాన్ని నడిపే పెద్దాయనకి పొగబాబాయి అని పేరు పడింది. ఆయన భార్య అందరికీ పిన్ని. పిన్ని మొక్కలు పెంచుతుంది, బాబాయి వాటిని కింద పట్నంలో అంగళ్లకు దింపి వస్తాడు. గులాబీలు, బంతులు, నిమ్మ అంట్లు వెనకాల కిక్కిరిసి నిలబడి తలలూపుకుంటూ పోతుంటే, మంచులోంచి చూసేవాళ్లకి బండి కనబడేది కాదు. తోటే కాళ్లొచ్చి కొండ దిగుతున్నట్టుండేది.

సాయంత్రం బాబాయి ఇంటికి రాగానే పిన్ని ఎదురొచ్చి, ఆయన చొక్కా కాలరు దగ్గర ముక్కు పెట్టి ఒక్కసారి గాలి పీల్చేది. చూసేవాళ్లు ముచ్చటపడేవాళ్లు, ఈ వయసులో ఎంత ప్రేమో అని. ఆవిడ చూసేది వేరు.

"కాలింది," అనేది.

బ్రేకులు కాలిన వాసన ఊరికే పోయేది కాదు. మాడిన రబ్బరు, వేడెక్కిన ఇనుము కలిసి చొక్కాలోకి దిగి కూర్చునేది. బాబాయి దారిలో నాలుగు తులసాకులు నలిపి పూసుకున్నా, ఆవిడ ముక్కు తులసిని పక్కకి నెట్టి వెనకాల ఉన్నదాన్ని పట్టేసేది.

ఆ ఏడు వానలు వెలిశాక ఒకరోజు పిన్ని తేల్చి చెప్పింది. "ఇంకొక్కసారి ఈ చొక్కాకి ఆ వాసన వచ్చిందా, తాళాలు తీసుకెళ్లి నూతిలో వేస్తాను. బండిలో కోళ్లని పెంచుతాను."

"మరి మొక్కలో?"

"కావలసినవాళ్లే పైకొచ్చి పట్టుకెళ్తారు. మీరొక్కరే కదా నాకు, మొక్కలు చాలా ఉన్నాయి."

 ఆవిడకి ఆ వాసనంటే ఎందుకంత భయమో తెలియాలంటే ఇసుకకుప్ప సంగతి చెప్పుకోవాలి.

అంతకుముందు పిన్ని ఏ ట్రిప్పూ మానేది కాదు. పక్కసీటు ఆవిడది. పెళ్లయిన కొత్తలో వాళ్లిద్దరూ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఇంట్లో మొదలైన మాట ఇంట్లోనే పూర్తి కావాలి, బండిలో మొదలైనది బండిలోనే. ఇంట్లో పోట్లాట బండెక్కకూడదని మొదట అనుకున్నది అది. తరవాత తరవాత అదొక తీపి అలవాటైపోయింది. ఇంట్లో మాటలన్నీ ఎరువులు, పప్పులు, కారే కప్పు గురించి. బండిలో మాటలు వేరు. బండిలో పిన్ని కథలు చెప్పేది. వాళ్ల ఇంటివాళ్ల కథలే, కానీ ఆ ఇంటివాళ్లలో ఒక్కరూ మామూలు మనుషులు కారు. వాళ్ల తాతకి పిడుగు మీద పడితే చలికాలం మొత్తం దుప్పటి కప్పుకోలేదట.

ఇసుకకుప్ప రోజు చిన్నత్త కథ చెబుతోంది. "మా చిన్నత్తకి నిద్రలో నడిచే అలవాటు. ఒకరోజు తెల్లారుజామున అలాగే లేచి, తలుపు తీసుకుని, వీధులన్నీ దాటి, ఏటి మీద వంతెన దాకా వెళ్లిపోయిందట. వంతెన మధ్యలో కాలికి చల్లగా తగిలి మెలకువ వచ్చింది. కళ్లు తెరిచి చూసేసరికి ఎదురుగా..."

అంతే. బాబాయి బ్రేకు మీద కాలు వేస్తే, వెన్నలో వేలు దిగినట్టు పెడలు నేల దాకా దిగిపోయింది. పైనుంచీ తొక్కి తొక్కి వేడెక్కిన బ్రేకులు ఇక పట్టనన్నాయి. మలుపులో రోడ్డు పనివాళ్లు పోసుకున్న ఇసుకకుప్పలో బండి మూతి కూరుకుని ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కుండీలు మాత్రం అన్నీ పగిలాయి, ఒక్కటి తప్ప. ఆ గులాబీ కుండీ ఎలా వచ్చిందో వచ్చి పిన్ని ఒళ్లో నిటారుగా కూర్చుంది. ఆవిడ కుండీతో సహా దిగి, కొండెక్కి ఇంటికి నడిచిపోయింది. మళ్లీ ఆ సీటులో కూర్చోలేదు. గులాబీ గుమ్మం పక్కన విరగబూస్తూనే ఉంది.

బాబాయి ఈ సంగతి నలుగురికీ చెప్పుకున్నాడు. మొదట్లో అది ఇసుకకుప్పే. కొన్నాళ్లకి అది ఇసుకదిబ్బ అయింది, ఆ తరవాత బండి దిబ్బ మీదుగా ఎగిరి ఒక కొంగను దాటి అవతల దిగింది. ఎంత పెంచినా ఒకటి మాత్రం ఆయన కల్పించుకోలేకపోయాడు. చిన్నత్త కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఏముంది? పులా? దొంగా? బాకీవాడా? ఇంట్లో అడిగితే పిన్ని ఒకటే మాట.

"అది బండిలో మాట."

"అయితే బండెక్కి చెప్పు."

"ఎక్కను."

ఆ ఖాళీసీటులో బాబాయి నీళ్లడబ్బా పెట్టి బెల్టు కట్టాడు. దానితోనే మాట్లాడుకుంటూ పోయేవాడు. డబ్బా మంచిదే, కానీ ఊఁ కొట్టేది కాదు. మలుపుల్లో గళగళమనేది, అంతే. ఇప్పుడు తాళాలు నూతిలోకి పోతే ఆ సీటే ఉండదు. సీటు లేకపోతే ఆ కథ ఇక ఎప్పటికీ వంతెన మధ్యలోనే నిలబడిపోతుంది.

ఇంకా మెల్లగా పోదామంటే పోయే దారి లేదు. చిన్న గేరులో వేసినా ఆ డీజిలు ఇంజిన్ వాలులో బండిని గట్టిగా పట్టి ఆపదు, వెనకాల కుండీల బరువు తోస్తుంటే చివరికి కాలు బ్రేకు మీదికే పోవాలి. ఇలా ఆలోచించుకుంటూ ఒక మలుపులో బండి పక్కకి తీసి బ్రేకులు చల్లార్చుకుంటుండగా, మంచులోంచి ఒక పెద్ద లారీ దిగింది. నిండా సిమెంటు. అయినా బ్రేకు కీచుమనలేదు. ఏనుగు నిట్టూర్చినట్టు పొడుగ్గా ఒక హుస్స్ మాత్రం వినబడింది. కింద టీకొట్టు దగ్గర ఆ లారీ డ్రైవరు దొరికాడు.

"నువ్వు బ్రేకు ముట్టుకోకుండా ఎలా దిగావు నాయనా?"

"ఇంజిన్ ముక్కు మూస్తాను బాబాయ్," అన్నాడు డ్రైవరు టీ ఊదుకుంటూ. "పొగ బయటికి పోయే గొట్టంలో ఒక రేకు ఉంటుంది. యాక్సిలేటరు వదిలేసి ఆ రేకు మూస్తే పొగ లోపలే ఇరుక్కుని వెనక్కి తోస్తుంది. ఊపిరి బిగబట్టుకుని నువ్వు పరిగెత్తగలవా? అదీ పరిగెత్తలేదు. కాలి బ్రేకు చల్లగా పడి ఉంటుంది, నిజంగా అవసరమైనప్పటికి."

"నా బండికి అది లేదే!"

"నీ బండి పుట్టినప్పుడు కొండలు లేవేమో," అని నవ్వేసి పోయాడు.

మర్నాడు తెల్లవారుజామున బాబాయికి కల వచ్చింది. పికప్పు తలుపు తోసుకుని గదిలోకి వచ్చి మంచం పక్కన నిలబడింది. దాని చుట్టూ మంచు, మంచులో పూలకుండీలు తేలుతున్నాయి. బండి బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. "వదిలెయ్యనా?" అని కళ్లతో అడిగింది. "ఇప్పుడే వద్దు, ఇంకా మలుపు రాలేదు," అన్నాడు బాబాయి. గోడలు మెల్లగా కిందికి జారుతున్నాయి, మంచం జారుతోంది, ఎక్కడా చప్పుడు లేదు. ఎంత హాయిగా ఉందంటే...

"ఏవండీ, ఆ బుగ్గలేమిటి? ఊపిరి తీసుకోండి!" పిన్ని భుజం పట్టి కుదుపుతోంది.

పొద్దెక్కకుండానే బాబాయి బావమరిది షెడ్డుకి వెళ్లాడు. పిన్ని తమ్ముడు వెల్డింగు పనివాడు. నీళ్లట్యాంకులకి మూతలు చేయడంలో అతన్ని మించినవాడు లేడు. మూత బిగిస్తే చీమ దూరదు. చీమ కాదు, చీమకొచ్చిన ఆలోచన కూడా దూరదని అతనే చెప్పుకుంటాడు. అందరూ అతన్ని మూతలు అనే పిలుస్తారు, అతనికీ అది బిరుదులాగే ఉంటుంది.

సంగతంతా విని మూతలు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "బావా, నువ్వు ఇన్నాళ్లూ అక్క నోరు మూయించలేకపోయావు, ఇంజిన్ నోరు మూయిస్తావా?"

"మీ అక్క నోరు తెరిపించడానికేరా ఇదంతా."

 ఆ మాటకి మూతలు లేచి బండి కింద దూరాడు.

ఇంజిన్ నుంచి వచ్చే పొగగొట్టాన్ని ఒకచోట కోశారు. మందపాటి గొట్టం ముక్క ఒకటి తీసుకుని దానికి అటూ ఇటూ బెజ్జాలు వేసి అడ్డంగా ఒక కడ్డీ దూర్చారు. కడ్డీ మధ్యలో గుండ్రటి ఇనపరేకు. కడ్డీ తిప్పితే రేకు అడ్డం తిరిగి గొట్టం మూసుకుంటుంది, వదిలితే నిలువుగా తిరిగి తెరుచుకుంటుంది. బయటికొచ్చిన కడ్డీ కొసకి చెయ్యిలా జానెడు ఇనపముక్క అతికించి, దానికి తలుపు స్ప్రింగు ఒకటి తగిలించారు, వదలగానే వెనక్కి లాగడానికి. అక్కడినుంచి ఒక తీగ లాగి, డ్రైవరు చేతికందేలా గేరు రాడ్డు పక్కన పాత స్కూటరు క్లచ్ లివరు బిగించారు.

"స్కూటరు లివరుతో కొండని ఆపుతున్నాడని ఊరంతా చెబుతాను బావా."

"నేను చెప్పాక నువ్వు చెప్పు. నేనైతే సైకిలు బెల్లుతో ఆపానంటాను."

రేకు దగ్గరే మూతలు చాలాసేపు కూర్చున్నాడు. ఆకురాయితో రుద్దడం, గొట్టంలో పెట్టి దీపం వెనక పెట్టి చూడడం, వెలుతురు గీత కనబడితే పారేసి కొత్తది కోయడం. చివరికి గొట్టంలో వెలుతురు చుక్క కూడా కనబడలేదు. తన పని తనే చూసుకుని మూతలు కళ్లు తుడుచుకున్నాడు. "నా జన్మలో ఇంత బిగువైన మూత చేయలేదు బావా."

మధ్యాహ్నం కుండీలు ఎక్కించుకుని బయల్దేరారు. మూతలు నీళ్లడబ్బాని ఒళ్లో పెట్టుకుని పక్కసీటులో కూర్చున్నాడు. పిన్ని గుమ్మంలో నిలబడి చూసింది.

మొదటి వాలులో బాబాయి కాలు తీసి లివరు నొక్కాడు. బండి కింద ఎక్కడో ఒక బరువైన నిట్టూర్పు. ఎవరో వెనకనుంచి మెత్తగా నడుము పట్టుకున్నట్టు బండి నెమ్మదించింది. కీచు లేదు, వాసన లేదు. మంచు అద్దాన్ని రాసుకుంటూ పోతోంది. వెనకాల బంతిపూలు ఒకదాని చెవిలో ఒకటి ఏదో చెప్పుకుంటున్నాయి. రోడ్డే నిద్రపోతూ, నిద్రలో పైకి జరుగుతోందనిపించింది బాబాయికి. కలలోలాగే ఉంది. ఆయన బుగ్గలు కూడా వాటంతటవే ఉబ్బాయి.

"బావా, ఊపిరి బండి బిగబట్టాలి, నువ్వు కాదు."

కానీ ఇసుకకుప్ప మలుపు దగ్గర దారి కాస్త చదునవుతుంది. అక్కడ లివరు వదిలాడు. నిట్టూర్పు ఆగలేదు. స్ప్రింగు లాగింది, కడ్డీ కదలలేదు. క్లచ్ తొక్కగానే ఇంజిన్ ఒకసారి దగ్గి, రెండోసారి మింగుకుని ఆగిపోయింది. బాబాయి కాలి బ్రేకు తాకాడు. చల్లగా ఉన్న బ్రేకు ముట్టుకోగానే పట్టింది, బండి నిలిచింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా ఇంజిన్ తిరిగి ఊపిరి తీసుకోలేదు.

చక్రాలకి రాళ్లు పెట్టి ఇద్దరూ కింద దూరారు. గొట్టం ఎర్రబడి పొగలు కక్కుతోంది. రేకు అడ్డంగా ఇరుక్కుపోయింది. మూతలు సుత్తి ఎత్తాడు. బాబాయి వద్దన్నాడు. చేసేదేమీ లేక రోడ్డు పక్క గోడ మీద కూర్చున్నారు. మంచు వచ్చి వాళ్లిద్దరి మధ్యా ఎవరో బంధువులా కూర్చుంది.

కాసేపటికి మంచులోంచి చెప్పుల చప్పుడు. పిన్ని. నీళ్లసీసా చేతిలో పట్టుకుని దిగి వస్తోంది.

"నీకెలా తెలిసింది?" అన్నాడు బాబాయి లేచి.

"మీ బండి చప్పుడు కొండంతా వినబడుతుంది. ఇక్కడికొచ్చాక ఆగింది. ఇక్కడే ఆగింది," అంది.  దగ్గరికొచ్చి అలవాటుగా కాలరు వాసన చూసింది. ఒకసారి చూసి, నమ్మకుండా మళ్లీ చూసింది.

"కాలలేదే!"

"కాలదు. ముక్కు మూశాం. కానీ మళ్లీ తెరుచుకోవడం లేదు."

"ఎందుకని?"

ఆ ప్రశ్నకి జవాబు బండే చెప్పింది. చల్లారుతున్న గొట్టంలోంచి టింగుమని ఒక చప్పుడు, స్ప్రింగు ఠక్కున లాగింది, కడ్డీ తనంతట తనే తిరిగి రేకు తెరుచుకుంది. 

మూతలు మెల్లగా తల పట్టుకున్నాడు. "వేడి," అన్నాడు. "వేడికి రేకు ఉబ్బింది బావా. చోటు ఇవ్వలేదుగా నేను, ఉబ్బి గొట్టాన్ని కరుచుకుంది. నేను చేసినవన్నీ నీళ్లట్యాంకుల మూతలే. నీళ్లు ఎప్పుడు ఉబ్బాయి, మూత ఎప్పుడు ఉబ్బింది? జీవితమంతా చల్లటి మూతలు చేసి ఈ వేడి మూతకి ఆ కొలతే పట్టాను."

"అయితే కాస్త అరగదియ్యి," అంది పిన్ని.

"సందు పెట్టమంటావా అక్కా? నా చేత్తోనా? ఎవరైనా చూస్తే?"

"చీమలు చూస్తాయి. పండగ చేసుకుంటాయి."

షెడ్డులో మూతలు ఆకురాయి పట్టుకున్నప్పుడు చూడాలి అతని మొహం. రేకు చుట్టూ గోరు మందాన సందు వచ్చేదాకా రుద్దాడు, రుద్దినప్పుడల్లా నిట్టూర్చాడు. లివరు పట్టి ఉన్నప్పుడు బండి ఆగినా ఇంజిన్ ఊపిరాడక చావకుండా రేకుకి చిన్న బెజ్జం కూడా వేశాడు. ఆ బెజ్జం వేసేటప్పుడు కళ్లు మూసుకున్నాడని బాబాయి ప్రమాణం చేసి చెబుతాడు. తరవాత గొట్టాన్ని గ్యాసుమంట మీద ఎర్రగా కాల్చి కడ్డీ తిప్పి చూశారు. తిరిగింది. మళ్లీ కాల్చారు, మళ్లీ తిరిగింది.

మర్నాడు పొద్దున్న కుండీలు ఎక్కిస్తుంటే పిన్ని వచ్చి బండి ముందు నిలబడింది.

"నేను ముందు నడుస్తాను. మీరు నా వెనకాల రండి. వెనక్కి తిరిగి చూడను. ఇసుకకుప్ప మలుపు దాకా. బ్రేకు కీచుమని నా చెవిన పడిందా, అక్కడినుంచి అటే ఇంటికి నడిచిపోతాను. తాళాలు నావి."

బాబాయి తాళాలు గుప్పిట్లో దాచుకున్నాడు. "నీ వెనకాల బండేసుకుని రమ్మంటావా? ఒకవేళ..."

"ఒకవేళ అంటున్నారంటే మీకే నమ్మకం లేదన్నమాట. మీకు లేనిది నాకెక్కడినుంచి వస్తుంది?"

మూతలు రెండు పెద్ద రాళ్లు ఎత్తుకుని వెనకాల గులాబీల మధ్య ఎక్కి కూర్చున్నాడు. బాబాయి బండెక్కాడు. చిన్న గేరు వేశాడు. లివరు నొక్కాడు.

పిన్ని నడిచింది. మంచు ఆవిడ చీలమండల దాకా ఉంది, అందుకని నడుస్తున్నట్టు కాక తేలుతున్నట్టుంది. బాబాయి ఆవిడ వీపునే చూస్తున్నాడు. పక్కసీటులో ఉన్నంతకాలం ఆవిడ గొంతు విన్నాడే కానీ వీపు చూడలేదు. బండి నిట్టూరుస్తూ వెనకాలే నడిచింది. ఆవిడ రోడ్డు పక్క పువ్వు చూడ్డానికి నెమ్మదిస్తే కొండ మీది బరువంతా ఆయన గుండెలో ఒక్కసారి తోసేది. లివరు ఇంకాస్త బిగించేవాడు. బండి ఇంకాస్త ఊపిరి బిగబట్టేది. ఎదురుగా పైకి వస్తున్న మేకలు పక్కకి తప్పుకుని, ఒక ఆడమనిషి వెనక తోట నడిచిపోవడం ఎప్పుడూ చూడనట్టు నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. వాటిలో ఒకటి ఆశ్చర్యంలో బంతిపువ్వు నమలడం కూడా మర్చిపోయిందని మూతలు తరవాత చెప్పాడు. అది మాత్రం కొంచెం ఎక్కువ.

ఇసుకకుప్ప మలుపు వచ్చింది. పిన్ని ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఊపిరి బిగబట్టిన బండి నెమ్మదిస్తుంది కానీ దానంతట అది నిలబడదు. ఆ సంగతి బాబాయికి తెలుసు. ఆయన కాలు ఇన్నాళ్లుగా వేడి పెడలునే తొక్కింది, అందుకని భయపడుతూ, పిల్లి పాలగిన్నె తాకినట్టు తాకాడు. దారి పొడుగునా విశ్రాంతి తీసుకున్న బ్రేకు అంత చిన్న తాకిడికే పట్టింది. చప్పుడు లేదు. బండి ముక్కుకీ పిన్ని వీపుకీ మధ్య ఒక మనిషి పట్టేంత మంచు మిగిలింది.

పిన్ని తిరిగింది. బండి పక్కగా వచ్చి వంగి, జ్వరం పిల్లాడి నుదురు చూసినట్టు ముందు చక్రం మధ్యలో అరచెయ్యి పెట్టింది. తీయకుండా అలాగే ఉంచింది.

తరవాత తలుపు తెరిచి, డబ్బాకి కట్టిన బెల్టు విప్పింది. "తమ్ముడూ, దీన్ని పట్టుకో," అని డబ్బాని వెనక్కి అందించి తన సీటులో కూర్చుంది. చేత్తో సీటు దుమ్ము దులుపుకుంది. బాబాయి లివరు మీద చెయ్యి తీయలేదు, ఆవిడ వైపు చూడనూ లేదు. చూస్తే దిగిపోతుందేమోనని.

బండి మళ్లీ కదిలింది. మంచు రెండు పక్కలా తెరుచుకుంటోంది.

"కళ్లు తెరిచి చూసేసరికి ఎదురుగా," అంది పిన్ని, నిన్ననే ఆపినట్టు, "ఒక మగమనిషి. అవతలి ఒడ్డునుంచి నడుచుకుంటూ వచ్చాడు. కళ్లు మూసుకునే ఉన్నాయి. ఆయనకీ నిద్రలో నడిచే అలవాటేనట. మా చిన్నత్త ఆయన చెయ్యి పట్టుకుని వాళ్లింటి దాకా దింపి వచ్చింది. ఆయనే మా చిన్న మావయ్య."

 అన్నాళ్లూ పెంచిన పులులు, దొంగలు ఒక్కొక్కరే వంతెన దిగి వెళ్లిపోతున్నారు.

"అబద్ధం," అన్నాడు బాబాయి.

"కొంగ మీదుగా బండి ఎగిరించినవారా అనేది?"

వెనకాల గులాబీల్లోంచి మూతలు గొంతు వినబడింది. "నిజమే బావా. ఆయన మేలుకున్నాక ఆవిణ్ని గుర్తు పట్టలేదట. మళ్లీ నిద్రపుచ్చి చూపించాల్సి వచ్చిందట."

"ఒరేయ్, నా కథలో చెయ్యి పెట్టకు," అంది పిన్ని. ఆపైన సీటులో వెనక్కి వాలి, మరో మాట ఎత్తుకుంది. "అసలు ఆ మావయ్య వాళ్ల నాన్న ఉన్నాడే, ఆయన..."

అప్పుడే వాలు మళ్లీ మొదలైంది. బాబాయి లివరు నొక్కి, ఈసారి బండితో పాటు తనూ ఊపిరి బిగబట్టాడు.